ఆరు నెలల్లో వస్తుందన్న రుచి

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళ ఇంట ఏ పుట్టినరోజైనా, గిన్నెల్లో ఉప్పూ పులుపూ సరిపోయాయో లేదో తేల్చేది జ్ఞానప్రసూనే. అరచేతిలో చారు చుక్క వేసుకుని "ఇంకాస్త చింతపండు" అందంటే ఇక దానికి అప్పీలు లేదు.

అలాంటి మనిషికి ఎనిమిది నెలలుగా అన్నం అట్టముక్క నమిలినట్టుంది. టాన్సిల్ దగ్గర కాన్సర్‌కి ఏడు వారాలు రేడియేషన్ ఇచ్చారు. గడ్డ పోయింది. దాంతోపాటే నోట్లో తడీ పోయింది, రుచీ పోయింది. నీళ్ళ సీసా పక్కన లేకపోతే నాలుగు మాటలు మాట్లాడలేదు.

"ఆరు నెలల్లో అన్నీ మామూలైపోతాయని డాక్టర్ చెప్పాడు" అన్నాడు భర్త భీమశంకరం. ఆవిడది కూరగాయల షాపులో నెట్టుకొచ్చే ఇంగ్లీషు. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఇస్తామని ఆసుపత్రివాళ్ళంటే, "నేనుండగా ఎందుకు?" అని ఆయనే వద్దన్నాడు. మొగుడు పక్కనుండగా జబ్బు సంగతి పరాయివాళ్ళ నోట వినడమేమిటని ఆవిడా మురిసిపోయింది. ఆ ఆరు నెలల మాట నమ్మి, ప్రతి ఆదివారం చారు కాచి కళ్ళు మూసుకుని నాలుక మీద వేసుకునేది. వేడి తెలిసేది. అంతే.

ఈసారి చెకప్ రోజు మంచు దంచేసింది. ఆవిణ్ణి గుమ్మం దగ్గర దింపి ఆయన పార్కింగ్ వెతుక్కుంటూ పోయాడు. డాక్టర్ ఆయన కోసం ఆగలేదు. నర్సు ఒక వీడియో తెర తెచ్చి ముందు పెట్టింది. అందులో ఇంటర్‌ప్రెటర్ అమ్మాయి చేతులు జోడించింది.

"నమస్తే అండీ, నా పేరు రేణు. డాక్టర్‌గారు ఏమంటే అదే ఉన్నదున్నట్టు చెప్తాను."

"రుచి ఎప్పుడొస్తుందో అడగమ్మా."

డాక్టర్ ఫైల్ చూసి మాట్లాడాడు. రేణు అది తెలుగులో చెప్పింది. "కొంత రావచ్చు, పూర్తిగా రాకపోవచ్చు. మొదటి రోజే చెప్పాను. గడ్డ చిన్నది, ఆపరేషన్ కూడా కుదురుతుంది, రుచి మిగిలే అవకాశం అందులోనే ఎక్కువ అన్నాను. మీరే రేడియేషన్ కావాలన్నారు."

"నేనా?"

ఆ మొదటి రోజు డాక్టర్ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. భీమశంకరం "రేడియేషన్‌తో తగ్గిపోతుందట" అని ఒక్క ముక్కలో తేల్చేసి, డాక్టర్‌కి జవాబు కూడా తనే చెప్పేశాడు. అనుమానం రావలసింది అప్పుడే. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని ఎవరు అనుమానిస్తారు?

ఆయన కోటు మీది మంచు దులుపుకుంటూ వచ్చాడు. తెర చూడగానే మొహం పాలిపోయింది.

"ఆపరేషన్ ఉందన్నారటగా?"

"కత్తి అంటే హడలిపోతావని... నీ మంచికేనే, ప్రసూనా."

"హడిలితే హడిలేదాన్ని. ఏడిస్తే ఏడ్చేదాన్ని. తర్వాత ఏదో ఒకటి నేనే చెప్పేదాన్ని కదండీ! రాని రుచి కోసం నా చేత రోజులు లెక్కపెట్టించారు."

ఏమైందని డాక్టర్ అడిగాడు. అలవాటైన నోరు కదా, భీమశంకరం ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అందులో 'టయర్డ్' అన్న మాట ఆవిడకి అర్థమైంది.

జ్ఞానప్రసూన ఓ గుక్క నీళ్ళు తాగి తెర వైపు తిరిగింది.

"నేనేమీ అలిసిపోలేదని చెప్పమ్మా, రేణూ. ఇక నా మాట ఈయన చెప్పరని కూడా చెప్పు."

రేణు ఒక్క మాటా తగ్గించకుండా చెప్పింది. భీమశంకరం ఇంగ్లీషులో కూడా అది విన్నాడు.