ఐదుసార్లు కడిగిన బొమ్మ

మా ఊరి సర్పంచ్ పేరు శ్రీవాణి. ఓట్లు వేసింది మేమే కాబట్టి ఆ సంగతి మాకు తెలుసు. కానీ ఎవరైనా సర్పంచ్ అని పిలిస్తే పలికేది ఆమె భర్త కమలాకర్. సీటు ఆడవాళ్లకు పోయిందని తెలిసిన నాడు ఆయన అన్నం ముట్టలేదు. మూడోనాడు భార్య పేరున నామినేషన్ వేయించి, తన ఫొటో పెద్దగా, ఆమె ఫొటో చిన్నగా ఫ్లెక్సీలు కట్టించాడు. గెలిచాక పంచాయతీ కుర్చీలో ఆయన కూర్చునేవాడు. సంతకం కావాల్సిన కాగితాలు వంటింట్లోకి పోయి, అక్కడక్కడ పసుపు మరకలతో తిరిగి వచ్చేవి.

అంగన్‌వాడీ కొత్త బిల్డింగుకు మారాక పాత గది ఖాళీ అయింది. అందులో మేము ఐదుగురం ఆడవాళ్లం ఉన్ని బొమ్మలు చేస్తున్నాం. మాలో పనిమంతురాలు ఈదమ్మ. కురుమయ్య తన నల్ల గొర్రెల బొచ్చు కత్తిరించి తెచ్చి ఇస్తాడు. దాన్ని దువ్వి, పొరలు పొరలుగా పరిచి, సబ్బు కలిపిన వేడినీళ్లు చల్లి రుద్దితే ఉన్ని దగ్గరపడి గట్టి బట్టలా అవుతుంది. దానితో బొమ్మకు తల, ఒళ్లు చేసి, సూదులతో అల్లిన రైకలూ తలరుమాళ్లూ తొడుగుతాం. బొమ్మ లోపల చెయ్యి పెట్టి ఆడిస్తే తల ఊపుతుంది, చేతులు జోడిస్తుంది. కల్వకుర్తి బళ్లవాళ్లు పిల్లలకు కథలు చెప్పడానికి కొనుక్కుపోతారు.

ఈ పనికి పొయ్యి కావాలి, నల్లా కావాలి, మురికినీళ్లు పోయే మోరీ కావాలి. పైగా తడిసిన గొర్రెబొచ్చు వాసన మామూలు వాసన కాదు. ఒకసారి నేను ఇంట్లో ఉన్ని తడిపితే మా కోడలు హరిత రెండు రోజులు ముక్కుకు కొంగు కట్టుకుని రొట్టెలు చేసింది, నాతో మాట్లాడలేదు. ఈదమ్మది ఒకటే అర్ర ఇల్లు, వండినా పడుకున్నా ఆ ఒక్క గదిలోనే. గది పోయిందంటే మా బొమ్మలు పోయినట్టే.

ఆ గది మీద కమలాకర్‌కు కన్నుపడింది. అందులో తన తమ్ముడి చేత నీళ్ల ప్లాంటు పెట్టిస్తానన్నాడు. గది ఎవరికిచ్చేదీ జిల్లా నుంచి మేడం వచ్చి, చూసి, సర్పంచ్ మాట రాసుకుని తేలుస్తుందని కబురు వచ్చింది. ఆ మేడంకు బొమ్మలాటలంటే ఇష్టమని కూడా ఎవరో ఆయనకు చెప్పారు.

దాంతో కమలాకర్ మా గదికి వచ్చి ఆట తానే చెప్పాడు. ఆటలో ఆయన బొమ్మ వస్తుంది. ఊరి కష్టం చూసి కన్నీళ్లు పెడుతుంది. మెడలో వేసుకున్న గది తాళంచెవిని నీళ్ల ప్లాంటుకు అప్పగిస్తుంది. ఆడవాళ్ల బొమ్మలు దండలు వేస్తాయి. శ్రీవాణి బొమ్మ ఓ పక్కన నిలబడి తల ఊపుతుంది. అంటే మా గదిని మా చేతులతోనే మేము ఇచ్చేసే ఆట. ఈ ఆట ఆడకపోతే ఏ ఆటా ఉండదన్నాడు. మేడం మా బొమ్మలనైనా చూస్తుంది కదా అని ఒప్పుకున్నాం.

ఆయన షరతులు మూడు. తన బొమ్మ అన్నిటికంటే పెద్దగా ఉండాలి. తెల్లగా ఉండాలి. శ్రీవాణి బొమ్మను శ్రీవాణే ఆడించాలి, ఆమె పేరుతో బయటివాళ్లు ఏదన్నా అంటే బాగుండదట.

పెద్ద బొమ్మకు ఈదమ్మ ఉన్ని రెండింతలు పరిచింది. తెలుపు దగ్గరే వచ్చింది తిప్పలు. కురుమయ్య మందలో తెల్లగొర్రెలు నాలుగే ఉన్నాయి. వాటి తెలుపు కూడా ఎర్రమట్టిలో పొర్లిన తెలుపు. కమలాకర్ పొద్దంతా మండలాఫీసుల వెంట తిరుగుతాడు కాబట్టి బొమ్మ ముఖాన్ని ఫోనులో ఫొటో తీసి పంపమన్నాడు. పంపాం. పసుప్పచ్చగా ఉంది, ఇంకా కడగమని జవాబు వచ్చింది. వేడినీళ్లలో వేసి రుద్ది కడిగి మళ్లీ పంపాం. ఇంకా కడగమన్నాడు.

మూడోసారి ఈదమ్మ నా ఫోను తీసుకుని ఆయనతోనే మాట్లాడింది.

"పటేలా, ఉన్ని బట్ట లెక్క కాదు. కడిగినకొద్ది దగ్గరికొస్తది. బొమ్మ చిన్నగైతాంది."

"ఫొటోల మంచిగనే ఉన్నది కద. పని తప్పిచ్చుకునేటందుకు గిదొక సాకా? నువ్వు కడుగు, సైజు నేను చూసుకుంట."

ఫొటోలో నిజంగానే మంచిగా ఉంది. ముఖం ఎంత చిన్నదైతే నేను ఫోనును అంత దగ్గరికి పట్టేదాన్ని. ప్రతి ఫొటోలోనూ కమలాకర్ నిండుగా ఉన్నాడు.

ఐదోసారి కడిగాక చాలా బాగుందని జవాబు వచ్చింది. అప్పటికి బొమ్మ మొత్తం అరచేతి పొడవుంది. లోపల చెయ్యి పట్టడం లేదు, ఒక వేలు పడుతోంది. ఇంకోటి చేద్దామా అని అడిగాను. తెల్ల ఉన్ని అయిపోయిందని చెప్పి ఈదమ్మ దానికి రుమాలు అల్లడానికి కూర్చుంది.

ఆ వారంలో శ్రీవాణి మూడు మధ్యాహ్నాలు మా గదికి వచ్చింది. మొదటి రోజు బొమ్మలోకి చెయ్యి పెట్టడానికే సిగ్గుపడింది. నల్ల ఉన్నితో చేసిన ఆమె బొమ్మ మోచేతి వరకు వస్తుంది. "వేళ్లు ఇడువు సర్పంచమ్మా, తలకాయ గదే లేస్తది" అని ఈదమ్మ చూపించింది. ఆ పిలుపుకు శ్రీవాణి వెనక్కి తిరిగి చూసింది, భర్త వచ్చాడేమోనని. మూడో రోజు తల ఊపడం బాగా వచ్చింది. పోయేముందు మా పొయ్యి, మోరీ, ఎండేసిన తలలు చూసి, గది పోతే ఈ పని ఎక్కడ చేస్తారని అడిగింది. ఈదమ్మ ఎక్కడా చెయ్యనని చెప్పింది.

మేడం వచ్చిన రోజు గది ముందు రెండు బల్లలు నిలబెట్టి, గొంగడి అడ్డం కట్టి తెర చేశాం. కమలాకర్ మేడం పక్క కుర్చీలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు.

సమయం రాగానే ఈదమ్మ చూపుడు వేలు పైకి లేపింది. వేలి మీద కమలాకర్ ఉన్నాడు, పాలలా తెల్లగా. జనం కాసేపు వెతుక్కున్నారు. వెనక వరసలో కురుమయ్య లేచి నిలబడి, "పటేల్ వచ్చిండా, ఇంక రాలేదా?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు, ఆయనకు చూపు తక్కువ. నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత తాళంచెవి. అది పాత ఇనుప తాళానిది, బరువైనది. మెడలో వేయగానే కమలాకర్ బొమ్మ ముందుకు ఒరిగి తెర మీదుగా బోర్లా వేలాడింది. ఈదమ్మ లేపినకొద్దీ పడింది. కన్నీళ్లు పెట్టే ఘట్టం అలా పోయింది.

శ్రీవాణి బొమ్మ అప్పటివరకు ఊపాల్సిన చోటల్లా తల ఊపుతూనే ఉంది. ఇప్పుడు వంగి, రెండు చేతులతో తాళంచెవి తీసుకుంది. ఇది ఆటలో లేదు. తెర వెనక నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది.

"గీ అర్ర బొమ్మలోళ్లదే. నీళ్ల ప్లాంటుకు మా ఇంటి ముంగట కారు పెట్టే షెడ్డున్నది. ఆ షెడ్డు ఇస్తున్న."

జనం చప్పట్లు కొట్టారు. మేడం పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. కమలాకర్ ఆమె వైపు వంగి, అది బొమ్మ మాట మేడం, ఊరికే ఆట అన్నాడు.

"అయితే సర్పంచ్ గారినే అడుగుదాం. ఎక్కడున్నారు?"

ఎప్పటిలాగే కమలాకర్ సగం లేచాడు. అంతలో గొంగడి పక్కకు జరిపి శ్రీవాణి బయటికి వచ్చింది. కుడిచేతికి బొమ్మ అలాగే ఉంది. మేడం ముందు నిలబడి బొమ్మను తీసి చంకలో పెట్టుకుని, అదే మాట ఇంకోసారి చెప్పింది, ఈసారి కళ్లు తెరిచి. కాగితం మీద సంతకం చేసింది. మేము చూసిన కాగితాల్లో పసుపు మరక లేనిది అదొక్కటే.

ఇప్పుడు ఊరికి నీళ్లు కమలాకర్ షెడ్డు నుంచి వస్తున్నాయి. కారు ఎండలో ఉంటోంది. ఆయన ఒకరోజు వచ్చి, తన బొమ్మను సాగదీసి మునుపటంత చేయడం కుదురుతుందా అని ఈదమ్మను అడిగాడు. దగ్గరపడిన ఉన్ని మళ్లీ విడిపోదని ఆమె మర్యాదగానే చెప్పింది.

ఆ బొమ్మను మేము పారేయలేదు. గది తాళంచెవికి కట్టాం. ఎవరింట్లో పెట్టి మరిచినా తెల్లగా కనబడుతుంది.