ఒడీల్ కొట్టిన కన్ను

ముప్ఫై ఏళ్లుగా ట్రెమే పేటలో ఆదివారం బ్యాండు ఊరేగింపు ఎక్కడుంటే అక్కడ, వెనక గుంపులో వెర్లీనా గంతులేస్తూనే ఉంది. ముందు నడిచే ఆడవాళ్ల క్లబ్బులో చేరి, ఈకల విసనకర్ర ఊపుకుంటూ, ఊరేగింపు మొదలయ్యే వాళ్ల గుమ్మంలోంచి బయటికి రావాలని ఆమె కోరిక. ఈ ఏడాది చేర్చుకున్నారు. అప్పటి నుంచి ఆమె కాలు నేల మీద నిలవడం లేదు.

క్లబ్బుకి ఒకటే కట్టుబాటు. ఆ ఏటి రంగేమిటో తలుపు తెరిచేదాకా పేటకు తెలియకూడదు. తెరిచాక అందరూ ఒకే రంగులో కనబడాలి.

ఆ ఆదివారం అధ్యక్షురాలు ఒడీల్ ఇంట్లో అందరూ నెమలికంఠం నీలంలో మెరిసిపోతున్నారు. వెర్లీనా పైన కప్పుకొచ్చిన దుప్పటి తీసింది. టోపీ నుంచి బూట్ల దాకా పండు నారింజ.

ఒడీల్ సోఫాలో కూలబడింది. "ఒసే, నారింజ అని నీకెవరు చెప్పారే?"

"నువ్వే. లొరెయిన్ సెలూన్‌లో."

"లొరెయిన్ నోట్లో నువ్వుగింజ నానదని, పేటని ఏమార్చడానికే అక్కడ అబద్ధం చెప్పా. నీకు కన్ను కూడా కొట్టాను కదే."

"నా తల జుట్టు ఆరబెట్టే డబ్బాలో ఉంది. నీ గొంతుకి అడ్డం లేదు కాబట్టి వినబడింది. కన్నెక్కడ కనబడుద్ది?"

"మరి మీటింగులో అసలు రంగు చెప్పాను కదా?"

"ఆ రోజు మనవరాలికి జ్వరం. రాలేదు."

బయట బ్యాండు మొదలైంది. ఒడీల్ తల అడ్డంగా ఊపింది. "ఈ ఏటికి లోపలే కూర్చో తల్లీ."

వెర్లీనాకు దుఃఖం ముంచుకొచ్చింది. "అందరికన్నా ఆఖర్న వస్తా. కానీ ఈ గుమ్మంలోంచే వస్తా."

తలుపు తెరుచుకుంది. నీలం దుస్తుల వాళ్లు చిందులేస్తూ దిగారు. వీధి కిక్కురుమనలేదు. లొరెయిన్ పుణ్యమా అని జనమంతా అదే క్లబ్బు రంగనుకుని నారింజ చొక్కాలు, నారింజ గొడుగులతో వచ్చి నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. బీరు బండివాడి గాడిద మెడలో కూడా నారింజ రిబ్బనే.

అప్పుడు వెర్లీనా బయటికొచ్చింది.

వీధి దద్దరిల్లింది. బాకా ఊదేవాడు ఆమె వైపు తిరిగి ఊదాడు. ఒడీల్ కడుపు పట్టుకుని నవ్వి, ఆమెను ముందుకు తోసింది. "నడువు. నీ జనమే వచ్చారు. వచ్చే ఏడు మాత్రం నీకు రంగు చెప్తే ఒట్టు."

"చెప్పకు," అంది వెర్లీనా, విసనకర్ర పైకెత్తి. "లొరెయిన్‌కి చెప్పు చాలు."