తేటనీళ్ళ వరద

సాయంత్రం ఈ పట్నంలో లైట్లన్నీ ఒక్కసారి వెలగడమే నాకు అన్నిటికంటే పెద్ద భయం.

నేనుండేది హాస్టల్ వెనక, బట్టలుతికే గదికి ఆనుకున్న చిన్న గదిలో. నెల దాటింది, రోజూ పొద్దుగూకే వేళకు కరెంటు తీసేస్తున్నారు. హాస్టల్ పిల్లలు కిటికీల్లోంచి కేకలేస్తారు. ఎదుటి మిల్లు కార్మికులు రెండో షిఫ్టు లేదని గేటు దగ్గర తిట్టుకుంటూ నిలబడతారు. వీధంతా తిట్టుకునే ఆ చీకట్లో నేనొక్కదాన్నే పాపను ఒళ్ళో వేసుకుని ఊపిరి పీల్చుకుంటాను. చీకటిగా ఉందంటే అక్కడ డ్యాం గేట్లు తీయలేదన్నమాట. మా అత్త ఇంకా బండ మీద ఉందన్నమాట.

మాది డ్యాం దిగువన చేపలు పట్టే పేట. నీళ్ళ నుంచి కరెంటు పుడుతుందని మీరు చదువుకునే ఉంటారు, ఆ పాఠం దాకా నేనూ చదివాను. ఏటికి ఏమవుతుందో ఆ పాఠంలో లేదు. డ్యాం రాకముందు మా ఏరు ఒండ్రు మోసుకొచ్చేది, ఆ ఒండ్రు వెంటే చేపలు వచ్చేవి. ఇప్పుడు ఒండ్రంతా గోడ వెనకే ఆగిపోయింది. పగలంతా ఏరు ఎండి రాళ్ళు తేలి ఉంటుంది. పట్నానికి లైట్లు కావలసిన వేళకు డ్యాం అడుగు నుంచి ఒక్కసారి నీళ్ళు వదులుతారు. ఎముకలు కొరికే చలి ఆ నీళ్ళది, ఆ చలికి చేప గుడ్లు పెట్టదు. ఆ నీళ్ళ కోతకు మేం పుచ్చపాదులు వేసుకునే ఇసుక దిబ్బలు కూడా పోయాయి.

మావాళ్ళకు ఒక లెక్క ఉండేది. పైన వాన పడి వరద వచ్చేటప్పుడు ముందు నీళ్ళు ఎర్రబడతాయి, నురగా పుల్లలూ కొట్టుకొస్తాయి. అది చూసి వల ఎత్తుకుని గట్టెక్కేవాళ్ళు. నీళ్ళు తేటగా ఉన్నంతసేపు భయం లేదు. పేటలో పిల్లలందరికీ ఇది నేర్పింది మా అత్తే.

ఆ రోజు నా మొగుడు నడి ఏట్లో మడుగు దగ్గర వల తీస్తున్నాడు. నేను గట్టున పాపకు పాలిస్తున్నాను. నీళ్ళు అతని పిక్కల దాకా వచ్చాయి. అతను తలెత్తి వాళ్ళమ్మ వైపు చూశాడు. అత్త గట్టు అంచున వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుంది.

"తేటగానే ఉన్నాయిరా. వల తీసుకునే రా," అంది.

అతను మళ్ళీ వంగాడు. చూస్తుండగానే నడుము దాకా వచ్చేశాయి. నురగ లేదు, ఎరుపు లేదు. అతను కాలుజారి పడడం, లేవబోవడం, వల కాళ్ళకు చుట్టుకోవడం, అంతా ఆ తేటనీళ్ళలో నాకు కనబడుతూనే ఉంది.

మట్టి చేసి వచ్చాక పేటంతా డ్యాం ఆఫీసుకు వెళ్ళాం. ఆఫీసరు మెట్ల మీదే నిలబడ్డాడు.

"వదిలే ముందు సైరన్ కొట్టాం. ఆ స్తంభం మీదే ఉంది, చూసుకోండి."

మా పేటలో ఒక వదినను రేడియో అంటాం. ఆమె నోరు విప్పితే అవతలి గట్టుకు వినబడుతుంది. ఆమె ముందుకొచ్చింది. "మీ క్వార్టర్సులో కుక్కలు వినుంటాయి సార్. మా పేట కొండ అవతల. మమ్మల్ని కూడా కుక్కలే అనుకుని అక్కడొకటి పెట్టించండి."

నవ్వకూడని చోట జనం నవ్వారు. నాకూ నవ్వొచ్చి ఏడుపొచ్చింది.

"ఏట్లో దిగొద్దని బోర్డు పెట్టాం. దిగితే మాకు సంబంధం లేదు."

"దిగకుండా చేపలు పట్టే మిషనుంటే ఇప్పించు నాయనా, నాకూ మోకాళ్ళ నొప్పులు," అన్నాడు వలలల్లే తాత.

"నలుగురి కోసం పట్నాన్ని చీకట్లో పెట్టమంటారా?"

అత్త మెట్ల దగ్గరకు నడిచింది. "పెట్టొద్దు బాబూ. మనుషులు ఏట్లో ఉండగా వదలొద్దు, అంతే."

"ఉన్నారో లేదో మాకెలా తెలుస్తుంది?"

"తెలిసేలా కూర్చుంటాం," అంది అత్త.

ఆ మాట ఆమె ఆలోచించి అన్నదో లేదో నాకు తెలియదు. కానీ దారి పొడుగునా అందరూ దాని గురించే వాదించుకున్నారు. "కళ్ళు మూసుకుని వదిలేస్తే?" అన్నారు కొందరు. రేడియో వదిన ఆగింది. "ఒక్కణ్ణి ముంచితే ప్రమాదం అన్నారు. పేటంతా కళ్ళెదుట కూర్చుంటే ఆ మాట ఎలా అంటారో చూద్దాం."

మర్నాడు గేట్లకు ఎదురుగా, ఏటి మధ్య ఉన్న పెద్దబండ మీద పేటంతా కూర్చున్నాం. పేటపేటకూ సైరన్ పెట్టాలి. పగలు కూడా ఏట్లో కొన్ని నీళ్ళు పారనివ్వాలి. అడిగింది ఈ రెండే. ఆ సాయంత్రం గేట్లు కదల్లేదు. పట్నంలో మొదటిసారి కరెంటు పోయింది ఆ రోజే.

తర్వాత పోలీసులు వచ్చి మగవాళ్ళను తీసుకుపోయారు, కుంటుకుంటూ నడిచే తాతను కూడా. ఆడవాళ్ళం వంతులు వేసుకున్నాం. నా వంతు రాకముందే అత్త నన్ను పట్నం పంపడానికి మూట కట్టేసింది.

"నేనూ కూర్చుంటానత్తమ్మా."

"ఇద్దరం ఏట్లో ఉంటే పాపకెవరే? పో. తేటని చెప్పిన నోరు నాది. కూర్చునేదీ నేనే."

పోయిన వారం రేడియో వదినను, మిగతా ఆడవాళ్ళను కూడా తీసుకుపోయారని కబురొచ్చింది. ఇక పేటలో మిగిలింది పసిపిల్లల తల్లులూ మంచం దిగలేని ముసలివాళ్ళూ. బండ మీంచి అత్తను మాత్రం దించలేకపోయారట, అందరి వంతులూ ఆమె ఒక్కతే కూర్చుంటోంది. అక్కడ ఫోను అందదు, మళ్ళీ కబురు లేదు.

మిల్లు అన్నలూ, మీ షిఫ్టు మా వల్లే పోయిందని మేనేజరు చెప్పాడని విన్నాను. మరి ఆయన బంగళా గేటు మీద దీపాలు ఒక్క పూటైనా ఆరాయా? చీకటి మీకొచ్చింది, నీళ్ళు మాకొచ్చాయి. ఆయనకు ఏదీ రాలేదు.

నిన్న సాయంత్రం లైట్లు వెలిగాయి.

వీధంతా ఈలలు వేశారు. మిల్లు మిషన్లు మొదలయ్యాయి. నా గదిలో బల్బు ఎప్పుడూ లేనంత తెల్లగా వెలిగింది. పాప దాన్ని చూసి నవ్వింది. నేను ఆర్పేసి తలుపు దగ్గర కూర్చున్నాను. ఆమెను జైల్లో పెట్టి ఉంటారు, అంతే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. అలా అయి ఉంటే చాలనుకున్నాను.

మా పేటవాళ్ళను వంతెన దగ్గరే ఆపేస్తున్నారు. అందుకని పాపను హాస్టల్ వంటావిడకు అప్పగించి కొండదారిన బయలుదేరుతున్నాను. నేను చేరేసరికి ఆలస్యమవుతుంది. డ్యాం చూడడానికి వచ్చే పట్నంవాళ్ళను ఎవరూ ఆపరు. మీరు వెళ్ళగలరు. గోడ మీద నిలబడి కిందికి చూడండి. ఏటి మధ్య పెద్దబండ ఒక్కటే ఉంటుంది. దాని మీద నీలం చీరలో ఒక ముసలావిడ ఉంటే చెయ్యి ఊపండి, కోడలు వస్తోందని అరవండి. అంత దూరంలో ఆమెకు వినబడకపోతే దిగివెళ్ళి చెప్పండి.

బండ ఖాళీగా ఉంటే ఒక్కరే దిగొద్దు, అందరూ కలిసి వెళ్ళి కూర్చోండి. నీళ్ళు తేటగా ఉన్నాయని మాత్రం నమ్మకండి. ఎలాగైనా ముందు వెళ్ళి ఆమె ఉందో లేదో చూడండి.