పాతదాని మూత

...అయినా పాతదే చల్లగా ఉందిగా, ఇంకేం కావాలి అనుకుంటూ ఆమె బొటనవేలిని పాత ప్రాసెసర్ మీద మరికాసేపు ఉంచింది. పసిపిల్లకి జ్వరం చూసినట్టు చిప్పుని తాకి చూడటం ఈ ల్యాబ్‌లో తన పై ఇంజనీరుగా ఉన్న పెద్దాయన నేర్పిన అలవాటు. ఈ రెండు కోర్ల ప్రాసెసర్‌ని ఆయనా తనూ కలిసే ఎంచారు. ముందు సన్నటి లాప్‌టాప్‌లో, తర్వాత పసిపిల్లల ఊపిరిని కనిపెట్టుకుని ఉండే యంత్రంలో పెట్టారు. "తక్కువ తిని ఎక్కువ పనిచేస్తుందమ్మా, నీలాగే," అని నవ్వేవాడు. ఆయన పోయాక ఆ గదిలో ఆ నవ్వుకి మిగిలిన గుర్తు ఇదొక్కటే.

ఇప్పుడు దాని చోటికి కొత్తది పోటీకొచ్చింది. యంత్రానికి ఫ్యాన్ ఉండదు, కరెంటు పోతే బ్యాటరీయే దిక్కు. అందుకే రెండిటినీ ఒకేలాంటి పెట్టెల్లో పెట్టి నడిపి చూస్తోంది, వేడెక్కనిదే గెలవాలి. తెర మీద కొత్తదాని వేడి గీత పైకి పాకుతోంది. ఆమెకి లోపలెక్కడో హాయిగా అనిపించింది.

పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి తొంగిచూసింది. "బాగుందక్కా! కోడలికి దుప్పటి కప్పి, కూతుర్ని గాలికి కూర్చోబెట్టి, కోడలికే చెమటలు పడుతున్నాయంటావా?"

"చాల్లే, నీ వెటకారమూ నువ్వూ," అంది గానీ, ఆమె చెయ్యి ఆగిపోయింది.

కొత్తది మూసిన పెట్టెలో ఉంది. పాతదాని మూత బల్ల మీదే ఉంది. వేలు పెట్టి చూడాలని పొద్దున తనే తీసింది. మళ్లీ పెట్టడం మరిచిపోయింది. నిజంగా మరిచిపోయిందా?

పెద్దాయనుంటే తిట్టేవాడు కూడా కాదు. ఊరికే మూత వైపు చూసేవాడు.

ఆమె వేలు తీసి, పాతదాని మీద మూత పెట్టి, స్క్రూలు బిగించింది.