ప్రార్థన జత

మా సండే స్కూల్లో ప్రతి ఒక్కరికీ ఒక ప్రార్థన జత ఉండేది. పాఠం అయ్యాక మోకాళ్ళు ఆనేలా ఎదురెదురుగా కూర్చుని, ఆ వారం చేసిన పాపం ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోవాలి. తర్వాత ఒకరి కోసం ఒకరు ప్రార్థించాలి. విన్నది కడుపులో దాచుకోవాలి. అదీ నియమం.

నా జత కుట్టుమిషను ఆవిడ కూతురు. పిడికెడంత ఉండేది కాబట్టి అందరూ పిచ్చుక అనేవారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఆదివారం, ఎవరికీ చెప్పనిది తనకి చెప్పాను.

"కళ్ళు మూసుకుంటే అవతల ఎవరూ లేనట్టే ఉంటుందే. ఉత్తినే పెదాలు కదుపుతాను."

పిచ్చుక నా చెయ్యి పట్టుకుంది. "సర్లే, నువ్వు ఊరికే కూర్చో. ఇద్దరికీ కలిపి నేనే చేస్తాలే."

"దేవుడికి తెలిసిపోతే?"

"తెలిసిపోకుండా ముందే చెప్పేస్తాగా, ఇది ఇద్దరిదీ అని."

తర్వాత తన పాపం చెప్పింది. వాళ్ళ తమ్ముడికి ఇంకా ఏడాది నిండలేదు, ఎప్పుడూ ఆయాసమే. తల్లి మిషను తొక్కుతున్నా వాణ్ణి ఒడిలోంచి దించేది కాదు. ఆ ఒడి తనకి ఖాళీ అవుతుందని, వాడు చచ్చిపోవాలని ప్రార్థించిందట. ఎన్నిసార్లో మూడు వేళ్ళు చూపించింది.

ఆ వేసవిలో పాస్టరుగారమ్మాయికి జతగా ఉన్న పిల్ల కుటుంబంతో సహా వేరే ఊరు వెళ్ళిపోయింది. మా అమ్మ నా జడ బిగిస్తూ అంది: "స్నేహం చేసేటప్పుడు కాస్త చూసుకోవాలమ్మా. ఇంకెన్నాళ్ళు ఆ పిచ్చుక పక్కన? పాస్టరుగారమ్మాయిని చూడు, ఎంత పద్ధతిగా ఉంటుందో."

అమ్మ చెప్పేదాకా నాకా కోరిక లేదంటే అబద్ధం.

పాఠం అయ్యాక వెళ్ళి ఎదురుగా కూర్చుని, జతగా ఉంటానన్నాను. పాస్టరుగారమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "నీ పాత జత ఏం చెప్పేది?"

"చెప్పకూడదుగా."

"నేనేమైనా ఊరంతా టముకు వేస్తానా? తెలియకుండా తన కోసం ఎలా ప్రార్థించను? ఇష్టం లేకపోతే మానెయ్. డాక్టరుగారమ్మాయి కూడా నన్ను అడుగుతోంది."

చెప్పేశాను. ఆమె కదలకుండా వింది. నా మాట ఎవరో వింటున్నారని ప్రార్థనకి కూర్చున్నప్పుడు అనిపించడం అదే మొదటిసారి.

తర్వాతి ఆదివారం పెద్దల ఆరాధనలో పాస్టరుగారు, "ప్రార్థన అంశాలుంటే చెప్పండి," అన్నారు. ఆయన కూతురు లేచి నిలబడింది.

"మన పిచ్చుక కోసం ప్రార్థించండి. తమ్ముడు చచ్చిపోవాలని మూడుసార్లు ప్రార్థించిందట."

గొంతులో జాలి ఉంది. నిజమైన జాలి. ఎవరూ తిట్టలేదు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం మూసుకోలేదు, అందుకే చూశాను. కుట్టుమిషను ఆవిడ, పిచ్చుక వైపున్న భుజం మీంచి పిల్లాణ్ణి తీసి రెండో భుజం మీద వేసుకుంది. తర్వాత బెంచీ మీద కాస్త అవతలికి జరిగింది.

ఇక పిచ్చుక లేస్తుందని ఎదురుచూశాను. నాది ఒక్క ముక్క బయటపెడితే చాలు, పాస్టరుగారమ్మాయి నా పక్క నుంచి లేచిపోతుంది. ఆ రోజు లేవలేదు. మరుసటి వారమూ లేవలేదు. ఉండబట్టలేక, గుండీల పొట్లంతో వెళ్తున్న తనని వీధిలో ఆపాను.

"నాది కూడా చెప్పెయ్యరాదూ?"

"విన్నది చెప్పకూడదుగా," అని వెళ్ళిపోయింది.

అప్పుడే నాకు తనంటే అసహ్యం పుట్టింది. తను కూడా చెప్పేసి ఉంటే ఇద్దరం ఒకటే అయ్యేవాళ్ళం.

ఇంట్లో అమ్మ మాత్రం, "సమయానికి బయటపడ్డావు తల్లీ," అని నుదుటి మీద ముద్దు పెట్టింది.

మూడో ఆదివారం నాచేత వాక్యం చదివించారు. తడబడకుండా చదివాను. ప్రార్థన మొదలవగానే తలలన్నీ వంగాయి, నాది తప్ప. వెనక, ఇంకెవరూ కూర్చోని బెంచీ చివర పిచ్చుక ఉంది. ఇద్దరికీ కలిపి చేస్తానన్న పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తూ, ఉత్తినే పెదాలు కదుపుతోంది.