ఇరవై కిలోల పెట్టె

ఆదోనిలో ఎవరికి కువైట్ వీసా వచ్చినా, హజ్ యాత్రకు పేరొచ్చినా ముందు పోయేది వహీదా బీ ఇంటికే. విమానంలో ఇరవై కిలోలకు మించి పోనియ్యరు. మన జనమేమో ఇల్లంతా మూట కట్టుకుపోవాలంటారు. జొన్నపిండి, వేరుశనగ బుడ్డలపొడి, గోంగూర తొక్కు, ప్రెషర్ కుక్కరు, ఇంకా చాలనట్టు రెండు జంపఖానాలు. ఆ దేశంలో ఏమీ దొరకదని వీళ్ళకు ఎవరు చెప్పినారో ఏమో.

వహీదా బీ పెట్టె కట్టేది చూసి నేర్చుకోవాల. ఆమె బట్టలు మడత పెట్టదు, చాప చుట్టినట్టు గట్టిగా చుడుతుంది. తొక్కు డబ్బా కుక్కర్లోకి పోతుంది, కుక్కరు జంపఖానా నడుమకు పోతుంది. బూట్లలో కూడా బుడ్డలపొడి పొట్లాలు కుక్కుతుంది. ఆఖరున మూత మీద మోకాలు ఆనించి "నేను మోస్తా" అంటుంది. అంతే, యాభై కిలోల పెట్టె ఇరవైకి దిగుతుంది. మిగిలిన ముప్పై ఆమె ఒంట్లోకి పోతుంది.

ఆ మాట పత్తి ప్రెస్సులోది. ఆమె మొగుడు ఉస్మాన్ సాబ్ అక్కడి హమాలీలకు మేస్త్రీ. వీపు మీదికి పత్తి బేలు ఎత్తే ముందు వెనకున్నవాడు "మోస్తావా?" అని అడగాల, వంగినవాడు "మోస్తా" అనాల. మాటిచ్చినాక నడిమధ్యలో దించినవానికి మళ్ళీ ఎవరూ బేలు ఎత్తరు. వాని ముఖాన ఉమ్మకపోతే అదే ఎక్కువ.

పదేండ్లకు వహీదా బీ చూసేదానికి పుల్ల మాదిరే ఉంది గానీ, బరువు మాత్రం ఎడ్లబండి లాగేంత అయింది. రెండు మంచాలు ఇరిగినాయి. ఇంట్లో బండలు కుంగినాయి. రిక్షావాళ్ళు ఆమెను చూస్తే పక్క సందులోకి తిప్పుకునేవాళ్ళు. ఇందులో ఎవరికీ వింతేమీ కనపడలేదు. మోస్తానన్నాక బరువు రాకుండా యాడికి పోతుంది?

ఆమెతో పెట్టె కట్టించుకున్న అబ్దుల్ గనీ హజ్ నుంచి వచ్చి ఖర్జూరాలు ఇస్తే, అన్నా, మోస్తానని ఒక్క మాట అను, నీ ముప్పై కిలోలు నీకు ఇచ్చేస్తా అని అడిగింది. ఆయన మోకాళ్ళు పట్టుకోని, నొప్పులు తగ్గనీమ్మా, రేపొస్తా అన్నాడు. కువైట్ పోయొచ్చిన బడే సాబ్‌దీ అదే మాట. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య!

ఆమెకు మక్కా చూడాలని ఆశ. హజ్‌లో కట్టుకునే తెల్లటి ఇహ్రాం బట్టలు ఎంతమందివి ఆ చేతులు చుట్టినాయో, అన్నిసార్లూ ఆ ఆశ లోపల పచ్చిగా నొప్పి పెట్టేది. ఎనభై ఒకటిలో కువైట్ నుంచి మొగుడికీ పెళ్ళానికీ కలిపి వీసా వచ్చింది. ఒక ఇంట్లో ఉస్మాన్ కావలి, ఆమె వంట. ఆడి నుంచి మక్కాకు బస్సులో పోవచ్చంట. వహీదా బీ ఆ దినం సంతోషంతో ఏడ్చింది.

వారం తర్వాత ఉస్మాన్ సాబ్ చాయ్ తాగతా చెప్పినాడు. "నువ్వు కాలు పెడితే రైలు మెట్టు ఇరుగుతాది. నీ పాస్‌పోర్టు మీద బీబీజాన్ వస్తాది. బురఖాలో ఎవరు చూస్తారు? పెట్టె బాగా కట్టు."

బీబీజాన్ ఆయన రెండేండ్ల కింద గోనెగండ్లలో నికా చేసుకొచ్చిన రెండో పెళ్ళాం.

సగం బరువు నువ్వు మోయి జీ, నేనూ వస్తా అని వహీదా బీ కాళ్ళు పట్టుకుంది. ఆయన నవ్వినాడు. "నేను ఒప్పుకోమన్నానా? ఒప్పుకున్నదానివి నువ్వు, మోయి."

ఆమె పెట్టె కట్టింది. బీబీజాన్ గడపలో కూచోని, ఆపా, నీ పట్టుచీర కూడా పెట్టు, నీకింకెందుకు అంది. అదీ చుట్టి పెట్టింది. మూత వేసింది గానీ, ఎప్పుడూ అనే మాట ఈసారి అనలేదు.

ఆదోని స్టేషన్లో హమాలీలంతా పూలదండలతో నిలబడినారు. మేస్త్రీ అన్నవాడు తన పెట్టె పోర్టర్‌కు ఇస్తే పరువేముంటుంది? బొంబాయి బండి దూరంగా కూత పెట్టగానే ఉస్మాన్ సాబ్ వీపు వంచినాడు. పెట్టె ఎత్తేదానికి వెనక నిలబడింది వహీదా బీ.

"మోస్తావా?" అంది.

ఇరవై ఏండ్ల అలవాటు, నాలుకకు ఆలోచనెక్కడిది? "మోస్తా" అన్నాడు.

"అంతా?"

హమాలీలు చూస్తా ఉన్నారు. "ఎంతున్నా మోస్తా."

ఆమె పెట్టె ఎత్తి పెట్టి, అరచేయి ఆయన వీపుకు ఆనించింది. మొదటి అడుగుకు అబ్దుల్ గనీ కుక్కరు బరువు ఆమె ఒంట్లోంచి ఆయన మీదికి పోయింది. రెండో అడుగుకు బడే సాబ్ జంపఖానాలు పోయినాయి. పదేండ్ల పెట్టెలు ఒకదాని వెనక ఒకటి ఆయన మీదికి ఎక్కినాయి. ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. దించుతావా, దించితే బరువు మళ్ళీ నాకే వస్తుంది అని ఆమె చెవిలో చెప్పింది. ఆయన హమాలీల దిక్కు చూసినాడు. దించలేదు. ఏడో అడుగుకు వెన్ను ఎండుకట్టె మాదిరి పటక్కుమంది.

బండి వచ్చి నిలబడింది. వహీదా బీ ఆయన జేబులోంచి టికెట్లు, తన పాస్‌పోర్టు తీసుకుంది. కింద పడిన పెట్టెను రెండు వేళ్ళతో ఎత్తింది. దాని బరువు కూడా ఆయన మీదే ఉండిపోయింది మరి. బీబీజాన్ బురఖా అంచు పట్టుకోని ఏడుస్తా ఉంటే మెల్లగా విడిపించుకుంది.

"నా జాగా అడిగితివి కదమ్మా. ఉంచుకో."

రైలు మెట్టు చప్పుడు కూడా చేయలేదు. ఆమె వెనక్కి చూడలేదు, బాధపడలేదు. సంతోషపడింది, దాచేదేముంది?

మరుసటి ఏడు మక్కా నుంచి ఊరికి ఒక ఉత్తరం వచ్చింది. ఈడ అన్నీ దొరుకుతాయి, ఎవరూ ఏమీ మోసుకురావద్దండి అని మాత్రం రాసింది.

ఉస్మాన్ సాబ్ నేల మీదే పడి ఉన్నాడు, ఆయన్ను మోసే మంచం ఊర్లో లేదు. వీపు పుండ్లు పడకుండా పక్కకు తిప్పాలంటే పది మంది కావాల. బీబీజాన్ దినమూ పొద్దున్నే అబ్దుల్ గనీ ఇంటికి పోయి, అన్నా, ఒక్కసారి వచ్చి చెయ్యి వెయ్యి అని అడుగుతుంది.

ఆయన మోకాళ్ళు పట్టుకోని, నొప్పులు తగ్గనీమ్మా, రేపొస్తా అంటాడు.