పురుగు చచ్చినంక

మా నెట్‌హౌస్‌ల, అంటే సన్న జాలి కట్టిన మొక్కల షెడ్డుల, రెండు గదుల నడుమ రెండు తలుపులు. ఒకటి మూసినంకనే ఇంకోటి తెరవాలె, లేకుంటే పురుగులు అవతలికి దాటుతయ్. డిపార్ట్‌మెంట్‌ల కొత్తగ చేరినోళ్లకు ఈ ముచ్చట చెప్పేది నేనే, అరిచి మరీ చెప్తా. గసుంటి దాన్ని, ఒకనాడు రెండు చేతుల్ల ట్రేలు పట్టుకొని, మొదటిది మూయకుంటనే రెండోదాన్ని మోచేతితోని నూకిన.

నా గదిల తుంగ్రో తెగులు పట్టిన వరి, ఆ వైరస్‌ను మోసే పచ్చ పురుగులు. అవతలి గదిల నా దోస్తు సుప్రజ మొక్కలు. ఏండ్లుగ సంకరం చేసి తీసిన కొత్త వరి. ఈ గింజ చేతికొస్తేనే దాని పీహెచ్‌డీ ఒడ్డెక్కుతది.

అదే దినం పొద్దుగూకే ముందు చూస్తే దాని మొక్కల ఆకుల మీద నా పురుగులు! ఎవరూ చూడకుంట మందు కొట్టిన. అన్నీ రాలినయ్. హమ్మయ్య అనుకున్న.

హమ్మయ్య ఏంది, నా మొహం! నా థీసిస్ చెప్పేదే అది. పురుగు కుట్టకముందు కొడితేనే మందు పనికొస్తది. కుట్టినంక పురుగు చస్తది గని, మొక్కలకెక్కిన వైరస్ చావదు. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్న.

తెల్లారి మందు వాసనకు సుప్రజ అడిగింది. "నీ మొక్కల మీద పురుగులు కనబడ్డయ్, కొట్టిన" అన్న. ఎట్ల వచ్చినయో చెప్పలే. అది నన్ను వాటేసుకొని, తార్నాకల హోటల్‌కు లాక్కపోయి నెయ్యి దోశ తినిపించింది.

"నువ్వు లేకపోతే నా గతేంటే!"

తేలు కుట్టిన దొంగ లెక్క కూసొని, సిగ్గులేక మొత్తం తిన్న.

ఆ దినం నుంచి రోజూ దానికన్న ముందే పోయి ఆకులు చూసుడే. ప్రభువా, పచ్చగనే ఉంచు అని మొక్కిన. ఉంచలే. కొసలు పసుపెక్కినయ్. సుప్రజ కుండీల నడుమ కూలబడి ఏడ్చింది. "నేనే తలుపు సరిగా వేయలేదేమోనే" అన్నది. అప్పుడన్న నోరు పెగలాలె కద!

ఇద్దరినీ సోమయాజులు సార్ పిలిచిండు. మా గైడ్. తలుపు ఎవరు తెరిచిపెట్టిన్రని అడిగిండు.

"నేనే అయ్యుంటాను సార్" అన్నది సుప్రజ. "అమల మందు కొట్టి ఆ మాత్రమైనా కాపాడింది. దాన్నేమీ అనకండి." అనుకుంట నా చెయ్యి పట్టుకున్నది.

ఇగ నాతోని కాలే. "తెరిచింది నేను సార్. పురుగులు నావే."

"ఊరుకోవే. నా కోసం నువ్వు మీదేసుకోకు."

"కాదు సుప్రజా, నిజం. మందు అందుకే కొట్టిన."

అది నా మొహంలకు చూసింది. నా చెయ్యి వదిలేసింది.